ఫిర్యాదు: పోలీసు కాగితం లేదన్న ఒక్క కారణంతో కారు దొంగతనం క్లెయిములు మూసేయడం గురించి

క్లెయిముల విభాగాధిపతి గారికి,

విషయం: కారు అద్దం పగలగొట్టి, లేదా తాళం తీసి జరిగిన దొంగతనాల్లో పోలీసు అధికారి సహకరించకపోతే ఆ భారం పాలసీదారు మీద వేస్తున్న మీ పద్ధతిపై ఫిర్యాదు, మూసిన క్లెయిములు తిరిగి తెరవాలని కోరడం.

అయ్యా / అమ్మా,

మేము కార్ల అద్దాలు, తాళాలు, వైరింగు పని చేసేవాళ్లం, పాలసీదారులకు క్లెయిము కాగితాలు రాసిపెట్టేవాళ్లం. మీ కంపెనీ నుంచి వచ్చే తిరస్కరణ లేఖల్లో కారణం ఒక్క వాక్యమే ఉంటోంది: పోలీసు నివేదిక సమర్పించనందున క్లెయిము మూసివేయడమైనది. నివేదిక ఎందుకు రాలేదో చెప్పుకోవడానికి మీ ఫారంలో చోటే లేదు. స్టేషన్ గడప తొక్కనివాడూ, వెళ్లినా ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపితే వచ్చేసినవాడూ మీ రికార్డులో ఒకటే అవుతున్నారు. ఇది అన్యాయం.

అధికారి నిరాకరణ ఎప్పుడూ "తీసుకోను" అన్న మాటతో రాదు. ఆ చోటు మా పరిధి కాదంటాడు. సార్ లేరు, రేపు రమ్మంటాడు. అద్దమే కదా పగిలింది, ఇన్సూరెన్సు వాళ్లు చూసుకుంటారు, కేసు దేనికంటాడు. వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటుంది. దొంగతనం అని రాయకుండా "వస్తువులు పోగొట్టుకున్నారు" అని రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చేస్తాడు. చేతికి కాగితం వచ్చింది కదా అని పాలసీదారు సంతోషంగా తెచ్చి మీకిస్తాడు. మీ వాళ్లు పాలసీ తీసి, ఇది దొంగతనానికి వర్తిస్తుంది, పోగొట్టుకోవడానికి వర్తించదు అంటారు. పగిలిన అద్దం ఫోటో అదే ఫైల్లో ఉంటుంది, అయినా ఆ ఒక్క మాటే చెల్లుతోంది.

ఇలాంటి కాగితం వస్తే క్లెయిము మూసేయడం సరికాదు. దాన్ని సరిచేసుకోవడానికి అదే స్టేషన్‌కు అదనపు వాంగ్మూలం రాసివ్వాలని పాలసీదారుకు చెప్పాలి. అందులో ఏం రాయాలో కూడా చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, రెండు సమయాలు: కారును చివరిసారి క్షేమంగా చూసిన సమయం ఒకటి, దొంగతనం బయటపడిన సమయం ఇంకొకటి. అధికారి తొందరలో ఒకే సమయం రాస్తాడు, సాధారణంగా రెండోది. తర్వాత కెమెరాలో దొంగ కొన్ని గంటల ముందు కనబడితే, సమయాలు కలవడం లేదని మీ పరిశోధకుడు అనుమానం రాస్తాడు. నిజానికి ఆ రెండు సమయాల మధ్య ఎప్పుడైనా జరిగి ఉండవచ్చు, అందులో పొంతన లేనిదేమీ లేదు. పోయిన వస్తువుల జాబితా కింద "ఇంకా ఏమైనా పోయినట్టు తేలితే తెలియజేస్తాను" అన్న వాక్యం ఉండాలి. అది లేకపోతే, డాష్‌బోర్డు అర పూర్తిగా సర్దాక గుర్తొచ్చిన వస్తువును పాలసీదారు కల్పించి చేర్చినట్టు మీరు చూస్తున్నారు.

బలవంతంగా తెరిచిన గుర్తు లేదన్న కారణం మీద కొంచెం వివరంగా చెప్పాలి. అధికారి కారు చుట్టూ ఒకసారి తిరిగి, తాళం వేయడం మరిచిపోయి ఉంటారని రాస్తాడు. నష్టం అంచనా వేయడానికి మీరు పంపే సర్వేయరు అదే మాట ఎత్తి రాస్తాడు. కీ జేబులో ఉంటే చాలు తెరుచుకునే కార్లలో ఎక్కువ వాటికి, కారు సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర బలహీనమైన సిగ్నల్ పంపుతుంది; అది దగ్గరి నుంచే అందుతుంది. కీ దాన్ని విని 315 లేదా 433 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో బదులిస్తుంది. ఒకడు ఇంటి తలుపు దగ్గర యాంటెనాతో, ఇంకొకడు కారు దగ్గర పెట్టెతో నిలబడి ఈ మాటామంతీని దూరం దాటిస్తే, కీ పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది. గీత పడదు, గాజు పగలదు. ఇంకో పద్ధతిలో, యజమాని రిమోట్ నొక్కే క్షణంలోనే దాని సిగ్నల్‌ను జామరుతో అడ్డుకుంటారు. తాళం పడిందనుకుని ఆయన వెళ్లిపోతాడు, కారు తెరిచే ఉంటుంది. ఇక్కడ కూడా ఏ గుర్తూ ఉండదు. తయారీ సంస్థ యాప్ ఉన్న కార్లలో తలుపు ఎప్పుడు తెరుచుకుందో, తాళం ఎప్పుడు పడిందో నమోదయ్యే అవకాశం ఉంది. మీ సర్వేయరు అది అడగకుండానే నిర్లక్ష్యం అని రాయకూడదు.

గుర్తులు ఉన్నచోట కూడా చూడాల్సినచోట చూడటం లేదు. తలుపు పైఅంచును చీలతో బయటికి వంచి, లోపలికి కడ్డీ దూర్చి తెరిస్తే, గుర్తు రబ్బరు బీడింగు మీద, చట్రం లోపలి వైపు పెయింటు మీద ఉంటుంది. బయటి నుంచి తలుపు మామూలుగానే కనబడుతుంది. మూసిన తలుపు పైభాగంలో సందు రెండో వైపు తలుపుతో పోల్చి కొలిస్తే తేడా దొరుకుతుంది. స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్ (మెకానిక్‌లు కారు కంప్యూటరుకు పరికరం తగిలించే చోటు) మూత ఊడి ఉంటే కొత్త కీ రాయించే ప్రయత్నం జరిగిందని అనుమానించాలి.

అద్దం విషయంలో రెండు తప్పు తీర్మానాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మొదటిది: రాయి దొరకలేదు కాబట్టి ఎండకు తానే పగిలింది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు, అందుకే పగిలినా అతుక్కునే ఉంటుంది. చాలా కార్లలో పక్క అద్దాలు, వెనక అద్దం గట్టిపరిచిన గాజు. దాని పైపొర ఒత్తిడిలో, లోపలి పొర లాగుడులో ఉంటాయి. పైపొరను చిన్న మొన చీల్చితే చాలు, పలక మొత్తం ఒక్కసారిగా చిన్న ముక్కలవుతుంది. స్పార్క్ ప్లగ్ పింగాణీ ముక్క గాజుకన్నా గట్టిది, గోరంత ముక్క విసిరినా ఆ పని జరుగుతుంది. రాయి కోసం వెతికితే ఏం దొరుకుతుంది? సీట్ల సందుల్లో, కార్పెట్ మీద తెల్లటి పింగాణీ పలుకుల కోసం వెతకాలి. అందుకే లోపల ఊడ్చిన గాజును పారేయకుండా సంచిలో కట్టి ఉంచమని మొదటి ఫోన్‌లోనే చెప్పాలి.

రెండోది: గాజు బయట కూడా ఉంది కాబట్టి లోపలి నుంచి పగలగొట్టారు. బయటి నుంచి కొట్టినా కొంత గాజు కొట్టినవాడి వైపే ఎగురుతుంది. పైగా చట్రంలో నిలిచిపోయిన ముక్కలు తలుపు తెరిచినప్పుడు బయట రాలుతాయి. ఈ రెండూ తెలిసిన సర్వేయరు అలా రాయడు.

మీ హెల్ప్‌లైన్ ఒకే ఫోన్‌లో ఒకదానికొకటి పొసగని రెండు మాటలు చెబుతోంది: పోలీసులు చూసేదాకా ఏదీ ముట్టుకోవద్దు, నష్టం పెరగకుండా కాపాడుకోవడం మీ బాధ్యత. పోలీసులు రాకపోతే? వాన నీరు తలుపులోని స్విచ్చుల్లోకి, కార్పెట్ కింద వైరింగు కనెక్టర్లలోకి దిగుతుంది. ఆ తర్వాతి నష్టం మీరు ఒప్పుకోరు. చెప్పాల్సింది ఇది: ముందు దూరం నుంచి నాలుగు వైపులా ఫోటోలు, వాటిలో నంబరు ప్లేటు, చుట్టుపక్కల గుర్తుపట్టే ఆనవాలు కలిసి కనబడాలి, తర్వాత తలుపు మొత్తం, ఆపై దగ్గరి నుంచి పగిలిన అంచు, నేల మీద గాజు, లోపల చిందరవందర. దొంగ ఎక్కడ పట్టుకున్నాడనిపిస్తుందో ఆ చట్రం, అరల మూతలు వేలిముద్రల కోసం ముట్టకుండా వదలాలి. అప్పుడు పగిలిన చోట మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పి మాస్కింగ్ టేపుతో అంటించాలి. పార్శిళ్లకు వాడే టేపు ఎండలో పెయింటుకు జిగురు పట్టిస్తుంది. పగిలిన వైపు అద్దం స్విచ్ నొక్కకూడదు, తలుపు లోపల పడిన ముక్కలు అద్దాన్ని ఎత్తి దించే గ్లాస్ మెషిన్‌లో, గాడిలో ఇరుక్కుంటాయి.

ఫోటోలు వాట్సాప్‌లో పంపమని మీరే అడుగుతున్నారు. అలా మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, తీసిన సమయం, స్థలం వివరాలు పోతాయి. తర్వాత ఫోటో ఎప్పుడు తీశారో రుజువు లేదంటున్నారు. అసలు ఫైళ్లను నేరుగా అప్‌లోడ్ చేసే లింకు ఇవ్వండి.

ఈ లేఖలో మా ముఖ్యమైన కోరిక సీసీ కెమెరాల గురించి. ఎదురింటి, దుకాణాల రికార్డర్లలో డిస్క్ నిండగానే పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కిపోతుంది. కారులోనే బిగించుకునే డాష్‌క్యామ్ కెమెరా కార్డు ఇంకా త్వరగా నిండుతుంది, అది వెంటనే తీసి పెట్టుకోవాలి. కానీ పక్కవాడి కెమెరా పాలసీదారు చేతిలో లేదు. పోలీసులు అడిగితేనే ఇస్తామంటారు, పోలీసు అధికారి అడగడు. ఈలోగా సాక్ష్యం చెరిగిపోతుంది. మీరు ఫోన్ అందుకున్న రోజే, ఫలానా తేదీన ఫలానా సమయాల మధ్య ఫుటేజీ చెరపకుండా విడిగా ఉంచండి అని కెమెరా యజమానికి మీ లెటర్‌హెడ్ మీద లేఖ ఇవ్వొచ్చు. ఫుటేజీని పాలసీదారు చేతికి ఇవ్వమని అడగనక్కర్లేదు, భద్రపరిస్తే చాలు. దీనికి మీకు ఖర్చు లేదు. సాక్ష్యం మీకే పనికొస్తుంది.

స్పేర్ కీ పోయిన కేసుల్లో తాళానికి నష్టం కనబడలేదని లాక్ సెట్ ఖర్చు తీసేస్తున్నారు. ఆ కీ కారు మెమరీలో ఉన్నంతకాలం దొంగ మళ్లీ వచ్చి మామూలుగా తెరుచుకుంటాడు. పోయిన కీని మెమరీలోంచి తొలగించాలి, లోహపు కీ బ్లేడు ఉంటే తాళం బిళ్లలు కూడా మార్చాలి. ఇవి రెండూ మరమ్మతులో భాగమే.

కాబట్టి పోలీసు నివేదిక రాని చోట ఈ కాగితాలను అంగీకరించండి: ముద్ర వేయించుకున్న ఫిర్యాదు ప్రతి, ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులోనో ఈమెయిల్‌లోనో స్టేషన్‌కు, పై అధికారికి పంపిన రుజువు, ఆన్‌లైన్‌లో ఇచ్చి ఉంటే ఆ నంబరు, మాట్లాడిన అధికారి హోదా, బ్యాడ్జి మీది పేరు, తేదీ, సమయం, ఆయన చెప్పిన కారణం. ఫారంలో "అధికారి నమోదు చేయలేదు" అన్న గడి చేర్చండి. ఆ గడి నింపిన ప్రతి క్లెయిములో మీ పరిశోధకుడే స్టేషన్‌కు రాసి జవాబు తెప్పించాలి. మామూలు మనిషి నోటిమాటకన్నా కంపెనీ లేఖకు జవాబివ్వకుండా ఉండటం అధికారికి కష్టం. మీకు సమాచారం ఇచ్చే గడువును, పోలీసు కాగితం ఇచ్చే గడువును వేరు చేయండి. మొదటిది పాలసీదారు చేతిలో ఉంది, రెండోది లేదు.

ఈ కారణంతో మూసిన క్లెయిములను తిరిగి తెరిచి, ఒక్కొక్కదానికి వేరుగా జవాబు పంపండి. మళ్లీ తిరస్కరించేదైతే పాలసీలో ఏ నిబంధన కింద తిరస్కరిస్తున్నారో, ఆ నిబంధన పూర్తి పాఠంతో సహా రాయండి. సర్వేయరు నివేదిక ప్రతి కూడా పాలసీదారుకు ఇవ్వండి. పై అధికారుల దగ్గరికి వెళ్లాలంటే ఆయనకు ఆ రెండూ కావాలి.

ఇట్లు,
పాలసీదారుల తరఫున,
సంతకాలు చేసినవారు