2024-25 జమా ఖర్చుల వివరణ: ఊరి పనులకు ఇచ్చిన చిన్న సాయాలు

మన మండలంలో ఊరి పనుల నిధికి చందా ఇచ్చిన వారికీ, సాయం అందుకున్న ఊళ్లకూ నమస్కారం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు ఇవి. ఒక్కో పనికి గరిష్ఠంగా 40,000 రూపాయలే ఇస్తాం. పనిలో నాలుగో వంతు ఊరే డబ్బుగానో శ్రమగానో పెట్టుకోవాలి. ఊరి వాటా ఈ లెక్కల్లో కలపలేదు.

జమ (రూపాయల్లో)
గత ఏటి నిల్వ: 41,260
సభ్యత్వ చందా, 84 మంది, ఒక్కొక్కరికి 500: 42,000
ఊళ్లలో వసూలైన చందాలు: 96,350
బెంగళూరు, హైదరాబాద్‌లలోని మనవాళ్లు: 1,48,000
విదేశాల్లో పనిచేస్తున్న భారత పౌరులు: 75,000
బ్యాంకు వడ్డీ: 3,870
పోయినేటి పనుల్లో మిగిలి వెనక్కి వచ్చింది: 6,420
మొత్తం: 4,12,900

విదేశాల నుంచి వచ్చే డబ్బు గురించి చాలామంది అడుగుతున్నారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, కాబట్టి పాస్‌పోర్టు నకలు తీసుకుని రసీదు ఇచ్చాం. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు మాత్రం, వాళ్లు మన ఊళ్లో పుట్టినవాళ్లైనా, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవడానికి ఆ చట్టం కింద కావాల్సిన రిజిస్ట్రేషన్ మనకు లేదు. ఉన్నా 2020 సవరణ తర్వాత అలాంటి డబ్బును ఇంకో సంఘానికి ఇవ్వడానికి వీల్లేదు, మన పనేమో ఊరి సంఘాలకు ఇవ్వడమే. అలాంటివారు ఊళ్లో ఉన్న బంధువుల పేరున పంపి ఇప్పించవద్దని కోరుతున్నాం. మంచి మనసుతో చేసినా అది చట్టాన్ని తప్పించడమే అవుతుంది.

ఖర్చు (రూపాయల్లో)
కుంటకు నీళ్లు తెచ్చే కాలువ బాగు, ఒకటి: 38,700
పశువుల నీటి తొట్లు, మూడు: 84,150
బోర్ల పక్కన ఇంకుడు గుంతలు, రెండు: 61,900
విత్తన నిధి, ఒక మహిళా సంఘానికి: 32,400
చదువుకునే గది, ఒకటి: 24,600
రసీదు పుస్తకాలు, బోర్డులు: 7,850
ఆడిట్ ఫీజు: 6,000
పనుల పరిశీలనకు పెట్రోలు: 8,400
బ్యాంకు ఛార్జీలు: 590
మొత్తం: 2,64,590

కాలువ పనిలో జేసీబీ 22 గంటలు, గంటకు 1,300 చొప్పున 28,600. ట్రాక్టరు బాడుగ 6,000, కూలి 4,100. మెత్తటి పూడిక తీయడం ఉపాధి హామీలో పెట్టించుకోవచ్చు కనుక దానికి మనం పైసా ఇవ్వలేదు. ఉపాధి హామీ పనుల్లో యంత్రాలు వాడకూడదు, కాబట్టి యంత్రం కావాల్సిన సర్కారు తుమ్మ పెకలించడానికీ గట్టి నేల తవ్వడానికీ మాత్రమే ఇచ్చాం. తుమ్మను నేలమట్టంగా నరికితే మొదలు నుంచి మళ్లీ గుబురుగా లేస్తుంది. అడుగు లోతు తవ్వి మొదలుతో సహా లాగెయ్యాలి. తవ్విన మట్టిని కాలువకు ఎగువ గట్టున పోస్తే మొదటి వానకే లోపలికి జారుతుంది, దిగువ గట్టున పోసి తొక్కించాలి. జేసీబీ బిల్లు ఎప్పుడూ ఇంజను తిరిగిన గంటలు చూపే అవర్ మీటరు ప్రకారమే. రోజూ పని మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ మీటరు ఫొటో తీసి ఓచరుకు జతచేయాలి. డ్రైవరు చెప్పిన గంటలు రాసుకుంటే బండి వచ్చిపోయిన సమయమూ, ఇంజను ఆపి ఊరికే నిలిచిన సమయమూ మన ఖాతాలో పడతాయి.

తొట్టికి ఎంతవుతుందని ప్రతి ఊరూ అడుగుతుంది కాబట్టి ఒక తొట్టి లెక్క పూర్తిగా: లోపలి కొలత పొడవు 10, వెడల్పు రెండున్నర, లోతు 2 అడుగులు, అంటే నిండా సుమారు 1,400 లీటర్లు. సిమెంటు 14 బస్తాలు 5,320. ఆరంగుళాల సిమెంటు ఇటుకలు 60, వెల 2,400. ఇసుక ట్రాక్టరు 4,500. కంకర 2,800. చుట్టూ పరిచిన తాడిపత్రి బండలు 3,500. పైపులు, బాల్‌వాల్వు, అడుగున నీళ్లు వదిలే బిరడా 2,430. బేల్దారికీ కూలీలకూ 7,200. మొత్తం 28,150.

ఇందులో కోత పెట్టాలని చూసేది ఎక్కువగా బండలూ బాల్‌వాల్వూ. అవి లేకపోతే నీళ్లు పొంగి చుట్టూ బురదవుతుంది, గిట్టలు దిగబడే ఆ బురదలోకి ఆవులు దిగవు, తొట్టి వాడుకలో లేకుండా పోతుంది. ఒక ఊళ్లో మూల దగ్గర సన్నని పగులు వచ్చింది. ఎండాకాలంలో కట్టి నాలుగు రోజులకే తడపడం మానేశారు. కనీసం రెండు వారాలు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. పాచి పట్టకుండా నెలకోసారి ఖాళీ చేసి, లోపల సున్నం వేసి, ఆరాకే నీళ్లు వదలాలి. గొర్రెలకు ఈ ఎత్తు అందదు, వాటికి పక్కనే అడుగు ఎత్తు చిన్న తొట్టి కావాలి.

ఇంకుడు గుంతల్లో ఒకదానికి చివరి విడత 8,000 ఆపాం. పొలం నీళ్లు నేరుగా గుంతలో పడుతున్నాయి, ముందు ఒండ్రు ఆగే చిన్న గుంత తవ్వలేదు. అలాగే వదిలితే రెండు మూడు వానలకే పైన వేసిన ఇసుక పూడిపోతుంది, ఆ ఒండ్రు బోరు పైపు జల్లెడ దాటితే బోరుకే నష్టం. అది తవ్విన రోజే డబ్బు ఇస్తాం. తాగునీటి బోర్లకు ఇలాంటి గుంతలు అడగవద్దు.

విత్తన నిధిలో కొర్ర 120 కిలోలు 7,200, కంది 100 కిలోలు 13,000, మూత డ్రమ్ములు ఎనిమిది 7,200, తూకం యంత్రం 5,000. కిలో తీసుకున్నవారు పంటకు కిలోంబావు తిరిగి పోయాలి. కొర్ర ఏళ్ల తరబడి చెడదు, కందికి పుచ్చు పురుగు త్వరగా పడుతుంది. పంచేముందు వంద గింజలు తడి గోనెలో చుట్టి మొలకలు లెక్కపెట్టడం తప్పనిసరి. చదువుకునే గదికి రెండు ఇనుప బీరువాలు 17,000, పుస్తకాలు 7,600. చెదల భయంతో చెక్క అల్మారాలు వద్దన్నాం.

స్వాగత ద్వారాలకూ, గుడి రంగులకూ వచ్చిన దరఖాస్తులు తీసుకోలేదు.

నిల్వ 1,48,310: బ్యాంకులో 1,45,960, చేతిలో 2,350. ఇంత ఎందుకు మిగిలిందంటే, మట్టి పనులన్నీ కుంటలు ఎండిన ఏప్రిల్, మే నెలల్లోనే చేయగలం, వాటి డబ్బు మార్చికే సిద్ధంగా ఉండాలి. ఇందులో ఆపిన 8,000 పోను, రెండు కాలువలకు 76,000 ఇప్పటికే మంజూరు చేశాం. పంచాయతీ తీర్మానం, చిన్ననీటి పారుదల శాఖ అనుమతి చేతికి రాగానే సగం విడుదలవుతుంది. పని చూశాక 30 శాతం, బిల్లులన్నీ ఇచ్చాక మిగతా 20 శాతం. 5,000 దాటిన ప్రతి రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు లేకపోతే ఆ బిల్లు వెనక్కి పంపుతాం.