గేటు తాళం ఎవరి దగ్గర

తెనాలి,
ఆదివారం సాయంత్రం

చిన్నా,

నువ్వు వచ్చి మూడు ఆదివారాలైంది. విజయవాడ నుంచి తెనాలి ఎంత దూరమని? రైలెక్కితే గంట. పని ఎక్కువగా ఉంటుందని నాకు తెలియంది కాదు, ముప్పై అయిదేళ్లుగా నేనూ ఈ నల్లకోటులోనే ఉన్నాను. ఫోన్ చేస్తే నాలుగు ముక్కలు విని "తర్వాత చేస్తానమ్మా" అంటావు. ఆ తర్వాత అనేది రావటం లేదు. అందుకే కాగితం తీసుకున్నాను. కాగితమైతే మధ్యలో పెట్టేయలేవు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్నకి మోకాలు నొప్పి తగ్గింది. పొద్దున్నే వైకుంఠపురం గుడిదాకా నడుస్తున్నారు. పెద్దత్తయ్య మళ్లీ నేల మీదే పడుకుంటానని పట్టుబట్టింది. గుమాస్తాగారికి రెండో కంటికి కూడా ఆపరేషన్ అయింది. వారం రోజులు రావద్దని చెప్పినా నాలుగో రోజుకే నల్లకళ్లజోడు పెట్టుకుని తొమ్మిదింటికి వచ్చి కూర్చున్నారు. వచ్చీ రాగానే ఆయన అడిగింది, "చిన్నబాబు డ్రాఫ్టులు రావటం లేదేమిటమ్మా" అని. రెండు నెలలైంది నువ్వు ఆయనకు ఒక్క డ్రాఫ్టు పంపి. ఆఫీసు విజయవాడలో తెరిచిన రోజున ఏమనుకున్నాం? పెద్దవాళ్ల ఆస్తి కాగితం ఏదైనా గుమాస్తాగారి కళ్ల ముందు నుంచి వెళ్లాకే రిజిస్ట్రేషన్‌కి అని కదా. కళ్లు బాగా లేవని ఊరుకున్నావేమో. చదివి వినిపించటానికి నేనున్నాను.

చంటిదానికి దగ్గు తగ్గిందా? కోడలు ఏసీ మరీ ఎక్కువ పెడుతున్నట్టుంది. తల తడిగా ఉన్నప్పుడు ఆ గదిలోకి తీసుకెళ్లవద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పకు.

పోయిన బుధవారం గుంటూరు వెళ్లాం, పిన్ని వాళ్ల ఆడపడుచు కూతురి పెళ్లికి. నువ్వు రాలేదని అందరూ అడిగారు. భోజనాల దగ్గర నా పక్కన ఎవరో ఆవిడ కూర్చుంది. విజయవాడ వాళ్లట. మాటల్లో చెప్పింది. పటమటలో ఒక పెద్దావిడ, డెబ్భై ఎనిమిదేళ్లట, ఇల్లు కొడుకు పేర దాన సెటిల్మెంటు రాసిందట, అంటే బతికుండగానే ఇచ్చేసే దస్తావేజు. కొడుకు డల్లాస్ నుంచి పదిరోజుల సెలవు మీద వచ్చాడట. అయిదో రోజుకల్లా రిజిస్ట్రేషన్ అయిపోయిందట. ఇప్పుడు ఆవిడ ఊరి బయట ఏదో వృద్ధుల హోమ్‌లో ఉందట, ఇల్లు అద్దెకిచ్చేశారట. రాసిన లాయరు తెనాలి వాళ్లబ్బాయట.

నేను నీ తల్లినని తెలియక చెప్పిందో, తెలిసే చెప్పిందో. ఇన్ని "ట"లున్న మాటను కోర్టులో సాక్ష్యంగా ఎవరూ తీసుకోరు, నేనూ తీసుకోలేదు. తెనాలి నుంచి వెళ్లి బెజవాడలో ప్రాక్టీసు పెట్టిన వాళ్లు ఎంతమంది లేరు? కానీ ఆ తర్వాత నాకు అన్నం సహించలేదు. కారులో నాన్నకి చెప్తే "వాడికి తెలుసులే, రాయకు" అన్నారు. సరే, అది అలా ఉంచు.

ఈ ఏడు ఆవకాయ బాగా కుదిరింది. నీకోసం వెల్లుల్లి లేనిది విడిగా కలిపాను. కోడలికి బెల్లం ఆవకాయ.

ఆవకాయ ముక్కలు కొట్టించిన రోజున పాత బీరువా సర్దుతుంటే మీ తాతయ్యగారి డైరీలు బయటపడ్డాయి. 1999 డైరీలో ఒక పేజీకి మడత పెట్టి ఉంది. ఆ పేజీ సంగతి నీకు సగమే చెప్పాను. తప్పు నాదని చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

ఆ రోజు మామయ్యగారు, అదే మీ తాతయ్య, గుంటూరు జిల్లా కోర్టులో వాయిదాకి వెళ్లారు. ఆఫీసులో నేనూ, గుమాస్తాగారూ. రిటైరైన హెడ్మాస్టరుగారొకరు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. అంటే ఆయన వచ్చారు అంటున్నాను గానీ, తీసుకొచ్చింది కొడుకే. మాట్లాడిందంతా కొడుకే. గంగానమ్మపేటలో ఇల్లు, స్వార్జితం, చిక్కులేమీ లేవు, ఆస్తి మీద అప్పులూ తాకట్లూ లేవని చూపే కాగితం, ఈసీ, కూడా తెచ్చాడు. తల్లి పోయింది, నాన్నగారిని నేనే చూసుకోవాలి, ఇల్లు నా పేర ఉంటే బ్యాంకు లోను తీసుకుని పైన పోర్షన్ వేస్తాను, ఆయనకు కింద గది అన్నాడు. మర్యాదగా మాట్లాడాడు. ఫీజు బల్ల మీద పెట్టాడు. నాకు అప్పటికి పదేళ్ల అనుభవం. గంటలో డ్రాఫ్టు రాసేశాను. "మీయందు ప్రేమాభిమానములతో" అని మొదలుపెట్టి "నేటి నుండి సర్వహక్కులతో మీరే అనుభవించుకొనవలసినది" అనే దాకా ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. బాగా రాశానని నాకే అనిపించింది.

పెద్దాయన మొదటి నుంచీ మాట్లాడలేదు. సంతకం పెట్టే ముందు మాత్రం నా వైపు చూసి అడిగారు, "అమ్మా, గేటు తాళం నా దగ్గరే ఉంటుంది కదా?" అని. నేను నవ్వి "ఉంటుందండీ" అన్నాను. కొడుకు కూడా "అదేం మాట నాన్నా" అన్నాడు. మర్నాడు రిజిస్టరయింది.

సాయంత్రం మామయ్యగారు వచ్చి కాపీ చదివారు. రెండుసార్లు చదివారు. "ఆయనను విడిగా కూర్చోబెట్టి అడిగావా?" అన్నారు. లేదన్నాను. "నువ్వు ఎవరి లాయరువి? ఫీజు ఇచ్చిన వాడికా, ఇల్లు ఇచ్చిన వాడికా?" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. రాత్రి భోజనం చేయకుండా పడుకున్నారు. ఆయన మన మీద కోపంతో భోజనం మానటం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాలుగేళ్ల తర్వాత హెడ్మాస్టరుగారు ఒక్కరే వచ్చారు. చేతిలో అదే కవరు. గేటుకి తాళం మారింది. ఆయన కాలవ గట్టు దగ్గర గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. దస్తావేజులో షరతు లేదు, జీవితాంతం ఉండే హక్కు లేదు, ఆయనను పోషించాలన్న ముక్క లేదు. ప్రేమతో ఇచ్చి, పుచ్చుకున్న వాడు ఒప్పుకుని, రిజిస్టరైన దానం మనసు మారిందని రద్దు కాదు, ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ నీకు నేను చెప్పాలా. మోసమని దావా వేద్దామంటే గడువు కూడా దాటిపోయింది. మామయ్యగారు ఫీజు లేకుండా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద కొడుకు మీద మనోవర్తి కేసు వేశారు. నెలకు 1,500 వచ్చింది. ఆ డబ్బు తీసుకున్న రోజున మన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్లేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. 2006లో పోయారు. తల్లిదండ్రుల పోషణ చట్టం మర్నాటి ఏడాది, 2007లో వచ్చింది. వచ్చి ఉన్నా ఆ పాత కాగితానికి అది వర్తించేది కాదు.

అప్పటి నుంచి నేను రాసిన ప్రతి సెటిల్మెంటులో "గేటు తాళము, ఇంటి తాళములు దాత వద్దనే ఉండవలెను" అనే వాక్యం ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్లు చూసి నవ్వుతారు. నవ్వనీ.

నువ్వు అనవచ్చు, ఇప్పుడు ఆ పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది కదమ్మా అని. ఉంది. చూసుకోకపోతే ఆ బదిలీ మోసంతో జరిగినట్టే లెక్క, ఆర్డీఓ ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. కానీ 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు ఏమంది? పోషించాలన్న షరతుతో ఇచ్చినట్టు తేలాలి, ఊరికే ప్రేమతో ఇచ్చానంటే చాలదంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఆ తల్లికి ఆస్తి వెనక్కి ఇప్పించింది, నిజమే. చట్టాన్ని పెద్దవాళ్ల మేలు కోరి ఉదారంగా చదవాలంది. కానీ ఆవిడ చేతిలో కొడుకు రాసిచ్చిన విడి కాగితం ఉంది, చూసుకోకపోతే వెనక్కి తీసుకోవచ్చని. కాగితమే కదా కాపాడింది. పైగా ఆ ట్రిబ్యునల్ ముందు లాయర్లు హాజరు కాకూడదని 17వ సెక్షన్ అంటోంది. ట్రిబ్యునల్ ఇప్పించే పోషణ కూడా నెలకు 10,000 దాటదు. అంటే మన పని అంతా ముందే, సంతకానికి ముందే. తర్వాత మనం చేయగలిగింది చాలా తక్కువ నాన్నా.

స్వాధీనం ఇచ్చేస్తే గానీ దానం చెల్లదని కొడుకులు చెప్తారు. వినకు. 2014లో రేణికుంట్ల రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, దాత తను బతికున్నంత కాలం ఇంట్లో ఉండే హక్కు, అద్దెలు తీసుకునే హక్కు అట్టేపెట్టుకున్నా దానం చెల్లుతుందని. అసలు ఈ వయసులో దానం ఎందుకు, వీలునామా రాయమను. నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఇల్లు చేతిలో ఉన్నంత వరకే మందులు వేళకి వస్తాయని నేను అనటం లేదు. బంగారం లాంటి పిల్లలనూ చూశాను. కానీ ఆ బంగారం లాంటి పిల్లలు జీవితాంతం హక్కు రాయమంటే ఎప్పుడూ కాదనలేదు.

ఇంకోటి. డల్లాస్ పిల్లలు జీపీఏ ఒకటి, అంటే అమ్మ తరఫున అన్నీ చేసే అధికార పత్రం, రాయించుకుంటే అమ్మ సంగతంతా చూసుకున్నట్టే అనుకుంటారు. మతి తప్పిన రోజున ఆ జీపీఏ కూడా పోతుందని, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ అని, ఎవరూ వాళ్లకి చెప్పరు. మతి ఉన్నప్పుడే అడగాల్సినవి అడగాలి. డబ్బు ఏ ఖాతాలో ఉంది, ఆ ఖాతాలో రెండో పేరు ఎవరిది, మంచం పడితే ఎవరింట్లో, మనిషిని పెట్టుకుంటే జీతం ఎవరివ్వాలి. డెబ్భై దాటిన వాళ్లందరికీ ఇప్పుడు ఆయుష్మాన్ కార్డు మీద 5 లక్షల దాకా ఉందని చాలామంది ధైర్యంగా ఉంటున్నారు. అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో పక్క మార్చే మనిషికి అందులోంచి రూపాయి రాదు.

మామయ్యగారు తన సంగతి తనే రాసిపెట్టుకున్నారు, నీకు గుర్తుందా? "నన్ను లోపలి గదిలో పెట్టవద్దు. హాల్లో, వీధి కనబడేలా మంచం వేయండి. గొట్టాలు వద్దు." పద్నాలుగు నెలలు అలాగే చూసుకున్నాం. ఆయనకు ఏం కావాలో మాకు తెలుసు గనుక మాలో మాకు ఒక్క తగాదా రాలేదు. ఇప్పుడైతే అలా గొట్టాలు వద్దని ముందే రాసిపెట్టుకునే కాగితానికి సుప్రీంకోర్టు తీర్పు కూడా తోడుంది. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ చాలు, 2023 నుంచి మేజిస్ట్రేటు దాకా పోనక్కర్లేదు. నీ దగ్గరికి వచ్చే ప్రతి పెద్దమనిషినీ ఇది అడుగు. టైం పడుతుంది. కాఫీ ఇప్పించి, వెంట వచ్చిన వాళ్లను కాసేపు బయట కూర్చోమను. బాధపడితే పడతారు.

ఇంత రాశాక ఇంకా దాచటం ఎందుకు. ఆ పటమట కాగితం రాసింది నువ్వేనా? నువ్వయితే, ఆవిడను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగావా? అవునో కాదో ఒక్క ముక్క చెప్పు. నువ్వు కాదంటే నేను ఇంకెప్పుడూ ఎత్తను.

నువ్వే అయితే భయపడకు, టెన్షన్ పడి రాత్రిళ్లు నిద్ర మానకు. నీకు చిన్నప్పటి నుంచీ ఆ అలవాటుంది. నువ్వు తప్పు చేయాలని చేసి ఉండవు, ఫ్లైటు టైం చెప్పి వాళ్లు తొందరపెట్టి ఉంటారు. దారి ఉంది. ముందు ఆ హోమ్‌కి వెళ్లు, కొడుక్కి చెప్పకుండానే వెళ్లు. ఆవిడకు అక్కడ ఇష్టమైతే సరే, డిపాజిట్ ఎవరి పేర కట్టారో, మానేస్తే ఎవరికి తిరిగిస్తారో రసీదు చూడు. ఇంటికి వెళ్లాలని ఉందంటే, ఆ ఇంట్లో ఆవిడ జీవితాంతం ఉండే హక్కు కొడుకు చేత రాయించి రిజిస్టర్ చేయించు. రాలేనంటే హ్యూస్టన్‌లో మన కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపమను, ఇక్కడికి వచ్చాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, మర్చిపోకు. మంచి కొడుకైతే రాస్తాడు. రాయనంటే అప్పుడు నేను వస్తాను. ఆ ఫీజు మాత్రం వాడుకోకుండా పక్కన పెట్టు. వెళ్లేటప్పుడు చేతులూపుకుంటూ వెళ్లకు, మెత్తటి పళ్లు తీసుకెళ్లు, బత్తాయిలు వద్దు, ఆ వయసులో వలుచుకోలేరు.

ఎండలో బండి మీద తిరగకు. కోటు కారులో పెట్టుకుని కోర్టు దగ్గర వేసుకో. రాత్రి పదింటికి హోటల్ బిర్యానీలు మానెయ్, మీ నాన్నకి షుగరు నీ వయసులోనే మొదలైంది.

మంగళవారం గుమాస్తాగారి అబ్బాయి విజయవాడ వస్తున్నాడు. రెండు జాడీలూ, ఒక కిలో బెల్లం జిలేబీ పంపుతున్నాను. పెద్ద జాడీ పెద్దత్తయ్యది, వేరే దాంట్లోకి తీసుకుని, కడిగి, తడి లేకుండా తుడిచి అతని చేతికే తిరిగివ్వు. ఆ డ్రాఫ్టు కాపీ కూడా జాడీతో పాటే పంపు.

అమ్మ