షిమ్ విషయంలో మేం మాట మార్చుకుంటున్నాం

పాత ఏఎండీ అథ్లాన్, డ్యురాన్ ప్రాసెసర్లున్న మెషిన్లు మా దగ్గర బాగుచేయించుకునే వారికి ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ మీరు అడక్కపోయినా ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ కింద రాగి షిమ్ పెట్టి ఇచ్చేవాళ్లం. షిమ్ అంటే చిప్ మధ్యలోని సిలికాన్ కోర్ చుట్టూ కూర్చునే పలుచని రేకు, హీట్‌సింక్ ఒరగకుండా ఆనిక. ఇక పెట్టం. అడిగితేనే పెడతాం, అదీ కొలిచి చూశాక.

కారణం మా చేతుల్లో పోయిన ఒక థండర్‌బర్డ్, అంటే ఒక తరం అథ్లాన్. ఫ్యాన్ గరగరమంటోందని తెచ్చారు, అంతే. ఫ్యాన్ మార్చి, పనిలో పనిగా షిమ్ కూడా వేసి స్విచ్ నొక్కాం. తెర మీద ఏమీ రాలేదు, కమురు వాసన మాత్రం వచ్చింది. విప్పి చూస్తే కోర్ మీద వేడిని హీట్‌సింక్‌కి దాటించే పేస్ట్ పూసింది పూసినట్టే ఉంది, నొక్కుకున్న జాడే లేదు. షిమ్ కోర్ కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. హీట్‌సింక్ షిమ్ మీదే కూర్చుండిపోయింది. ఆ తరం చిప్ లోపల వేడిని పసిగట్టే డయోడ్ లేదు, అది 2001లో తర్వాతి తరం పాలొమినోతో వచ్చింది. బోర్డుకి తెలిసేలోపే అంతా అయిపోయింది. తప్పు మాదేనని అప్పుడే ఒప్పుకుని వేరే చిప్ వేసిచ్చాం.

అలాగని షిమ్ ఊరికే పుట్టలేదు. ఆ ప్రాసెసర్లకి పైన మూత ఉండదు. థండర్‌బర్డ్‌లో దాదాపు 120 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ బయటికే కనిపిస్తుంది. క్లిప్ ఒక వైపు తగిలించి రెండో వైపు నొక్కేటప్పుడు హీట్‌సింక్ ఒరిగిందంటే బరువంతా ఒక అంచు మీద పడి మూల చిట్లుతుంది. నాలుగు మూలల్లో ఉండే మెత్తని బిళ్లలు ఇందుకే. ఏళ్లు గడిచి అవి అణగారిపోయో, ఊడిపోయో ఉంటాయి. మేం అసలు మార్చాల్సింది వాటిని, షిమ్ పెట్టి ఆ లోటు కప్పిపుచ్చాం. పైగా రాగిలో కరెంటు పారుతుంది. థండర్‌బర్డ్ పైభాగాన బయటికే ఉండే ఎల్1 బ్రిడ్జిలనే చిన్న లోహపు చుక్కలకి అది తగిలితే ఇంకో తలనొప్పి.

ఇప్పుడు షిమ్ కావాలన్నవారికి ముందు స్టీలు స్కేలు అంచుని కోర్ మీదుగా షిమ్ దాకా నిలబెట్టి, దీపం ఎదురుగా పట్టి చూస్తున్నాం. కోర్‌కీ స్కేలుకీ మధ్య వెలుతురు కనిపిస్తే ఆ షిమ్ పక్కన పడేస్తాం. బోర్డుని కేస్‌లోంచి తీసి బల్ల మీదే క్లిప్ వేస్తాం. కరెంటు ఇచ్చేముందు ఒకసారి విప్పి పేస్ట్ అచ్చు చూసి, మళ్లీ పూసి బిగిస్తాం. పని కాస్త ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకండి.

2003లో అథ్లాన్ 64తో లోహపు మూత వచ్చింది. అలాంటి వాటికి షిమ్ ఊసే అక్కర్లేదు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌కి వేసే కాంటాక్ట్ ఫ్రేమ్ గురించి కొందరు అడుగుతున్నారు, అది వేరే కథ. అది చిప్ వంగకుండా బోర్డు బిగింపునే మార్చేది, వారంటీకి ఇబ్బంది రావచ్చు.

మేం ఇంతకుముందు షిమ్ వేసిచ్చిన మెషిన్ రోజూ నడుస్తుంటే కంగారు పడొద్దు, కోర్‌కి తగలకపోతే ఈపాటికే తెలిసేది. హీట్‌సింక్ విప్పాల్సి వస్తే మాత్రం మా దగ్గరికే తెండి. కూలి తీసుకోం.