సస్పెన్స్ అకౌంట్

రాజమండ్రి,
ఆదివారం రాత్రి

అమ్ములూ,

నాన్న ఆశీస్సులు. ఈ కాగితం ఆవకాయ జాడీ పక్కనే ఉంటుంది. నూనె అంటకుండా రెండు కవర్లు చుట్టాను. ముందు జాడీ తీసి నిలువుగా పెట్టి, చేతులు కడుక్కుని తర్వాత చదువు. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి గానీ జవాబు రావడం లేదు. అందుకని కాగితం మీద పడ్డాను.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. రోహిణి కార్తె కదా, ఎండలు మాడ్చేస్తున్నాయి. పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి ఈసారి విరగకాసింది. బోరు మోటారు మళ్ళీ కాలింది, వైండింగుకి ఇచ్చాం. రాంబాబు బావ కొత్త స్కూటర్ కొన్నాడు, రంగు మాత్రం అడక్కు. మీ అమ్మ నడుం నొప్పి తగ్గింది.

కాకినాడ పెద్దమ్మ వాళ్ళు మియాపూర్ గృహప్రవేశం చూసుకుని మొన్న ఇటు వచ్చి ఒక పూట ఉండి వెళ్ళారు. ఇల్లు బాగుందిట, లిఫ్టు ఇంకా పనిచెయ్యడం లేదుట. నువ్వు కూడా వచ్చావని చెప్పింది. చిక్కి సగమయ్యావనీ, పాపిట దగ్గర జుట్టు పలచబడిందనీ, విస్తరి ముందు కూర్చుని నాలుగు దోసకాయ ముక్కలు తిని, ఫోన్‌లో ఏదో రాసుకుని లేచిపోయావనీ కూడా చెప్పింది. పెద్దమ్మ మాట నీకు తెలియనిదేముంది, పిల్లి అంటే పులి అంటుంది. నేను పట్టించుకోలేదు. మీ అమ్మే రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

నా నడక మామూలే. అయిదింటికల్లా గట్టు మీద ఉంటాను. పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, కిలోమీటర్లు సరిపోకపోతే ఇంకో చుట్టు. ఆరున్నర దాటితే ఎండ భరించలేం. మునుపటి బ్యాచ్‌లో ముగ్గురమే మిగిలాం. శాస్త్రిగారు మనవరాలి కోసం అమెరికా వెళ్ళారు, అక్కడ మంచులో నడుస్తున్న ఫొటో పెట్టి మమ్మల్ని ఏడిపించారు. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు చేతి గడియారం చూసుకుంటూ పదివేల అడుగులు పూర్తయ్యేదాకా ఆగనని ఒకటే పరుగు. జపాన్‌లో 1965లో అడుగులు లెక్కపెట్టే మీటరు ఒకటి అమ్మకానికి పెట్టి దానికి పదివేల అడుగుల మీటరు అని పేరు పెట్టారు, ఆ అంకె అక్కడి నుంచి వచ్చిందిరా అబ్బాయ్ అని చెప్పాను. వినలేదు. మీ వయసువాళ్ళకి అంకె దొరికితే చాలు, దాన్ని పట్టుకుని వేళ్ళాడతారు.

అలా అని అంకెలంటే నాకేదో పడదనుకోకు. ముప్పై ఒక్క ఏళ్ళు లెడ్జర్లతో కాపురం చేసినవాణ్ణి.

2019 శ్రావణంలో డాక్టరుగారు షుగరు గీత దగ్గరికి వచ్చిందనీ, 84 కిలోలు నా ఎత్తుకి ఎక్కువనీ చెప్పారు, గుర్తుందా? నువ్వు హాస్టల్లో ఉన్నావు. నీకు చెప్పని భాగం ఒకటుంది. ఆయన నెమ్మదిగా తగ్గించమంటే నాకు ఆగలేదు. పన్నెండు రోజులు దోసకాయ ముక్కలు, మజ్జిగ తేట, సాయంత్రం రెండు పుల్కాలు. నాలుగు కిలోలు తగ్గేసరికి ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. పదమూడో రోజు మీ చిన్నత్త ఇంట్లో వ్రతం. ప్రసాదంతో మొదలుపెట్టి పులిహోర, బూరెలు, గుత్తివంకాయ, మళ్ళీ పులిహోర. పది రోజుల్లో నాలుగు కిలోలకు నాలుగూ వెనక్కి వచ్చి కూర్చున్నాయి. మొదట తగ్గేది చాలావరకు నీళ్ళేనట. కాలేయంలో, కండల్లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చయితే దాన్ని పట్టుకుని ఉన్న నీళ్ళూ పోతాయి, మళ్ళీ తినగానే తిరిగి వస్తాయి. అది ఆదాయం కాదు, చేబదులు.

అప్పుడు తీశాను పుస్తకం. ఎర్ర అట్టది, బీరువాలో కింద అరలో ఇప్పటికీ ఉంది. ఎడం పక్క తిన్నది, కుడి పక్క నడిచింది. వంటింటికి చిన్న కాటా కొన్నాను. అన్నం తూచుకుని తినడం చూసి మీ అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. ఉడికిన అన్నం వంద గ్రాములకు 130 కేలరీలు, నేను పూటకు నాలుగు వందల గ్రాములు పట్టించేవాణ్ణి. ఇడ్లీ పాపం అమాయకురాలు, చిన్నదయితే యాభై. వేరుశనగ చట్నీయే దొంగ, రెండు గరిటెలకు మూడు ఇడ్లీల ఖరీదు.

అసలు దొంగ నూనె. నెల సరుకుల చీటీలన్నీ తీసి కూడి చూశాను. ఇద్దరికి నెలకు నాలుగు లీటర్లు! లీటరు నూనె 910 గ్రాములు, గ్రాముకు తొమ్మిది కేలరీలు, అంటే ఎనిమిది వేల పైచిలుకు. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే 7,700 దాకా లోటు పడాలంటారు. అంటే స్టీలు నూనె క్యాను మీద నా పొట్ట రాసిపెట్టి ఉన్నట్టే. మీ అమ్మకు ఈ లెక్క చూపిస్తే, "నా వంట మీద ఆడిట్టా?" అంది. తర్వాత తనే రెండు లీటర్లకు దించింది. తాలింపు తగ్గలేదు, బజ్జీలు తగ్గాయి.

ఇప్పుడు విను. అన్నం సగానికి తెచ్చాను, నూనె సగమైంది, రోజూ అయిదు కిలోమీటర్ల నడక. పుస్తకం ప్రకారం నెలకు రెండు కిలోలైనా తగ్గాలి. రెండు నెలలయింది, కిలోన్నర కూడా లేదు. లెక్క కలవకపోతే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు. తేడా ఎందుకొచ్చిందో తేలేదాకా, బ్యాంకులో చేసినట్టే దాన్ని సస్పెన్స్ అకౌంట్ అని చివరి పేజీలో రాసి ఉంచాను. కాటా తప్పేమో అని అరకిలో పంచదార ప్యాకెట్టు పెట్టి చూశాను. కాటా సరిగ్గానే ఉంది.

పట్టుకుంది మీ అమ్మ. చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో నూనె మరక, గుండ్రంగా, రూపాయి బిళ్ళంత. "మీరు నడవడానికి వెడుతున్నారా, బండి దగ్గరికి వెడుతున్నారా?" అని చొక్కా నా మొహం ముందు పెట్టింది. సాయంత్రం రెండో విడత నడకకి వెళ్ళినప్పుడు శాస్త్రిగారు, నేను గట్టు దిగువ బండి దగ్గర పునుగులు తినేవాళ్ళం. మిగిలినవి పొట్లం కట్టించి జేబులో వేసుకుని, గేటు దగ్గర ముగించి లోపలికి వచ్చేవాణ్ణి. నిజం చెబుతున్నాను, పుస్తకంలో రాయకుండా కావాలని దాచలేదు. నిలబడి తిన్నది తిండి కింద లెక్కేనని నాకు తోచనే లేదు! ప్లేటు ఎంత తక్కువేసినా మూడు వందలు. నడిచి ఖర్చు చేసింది 280. రోజుకు ఇరవై కేలరీల నష్టానికి వ్యాపారం చేస్తున్నాను.

ఆ తర్వాత అన్నీ రాశాను. ప్రసాదం, పెళ్ళిళ్ళలో కిళ్ళీ, నీ ప్లేట్లో మిగిలిన చిప్సు కూడా. పునుగులు పూర్తిగా మానలేదు, ఆదివారానికి మార్చాను. పధ్నాలుగు నెలల్లో 11 కిలోలు. మధ్యలో లాక్‌డౌన్ వచ్చి గట్టు మూసేస్తే డాబా మీద నడిచాను. వంద రౌండ్లకు మూడున్నర కిలోమీటర్లు. నువ్వు వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని రౌండుకో చింతపిక్క డబ్బాలో వేసేదానివి. ఒకసారి నన్ను మోసం చేసి రెండేసి వేశావు, త్వరగా కిందికి వెళ్ళి టిఫిన్ తినాలని. పెద్దమ్మ చెప్పిన పిల్ల వేరే ఎవరో అయ్యుంటుంది.

ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చాను కాబట్టి క్లుప్తంగా రాస్తాను. ఉగాదికి వచ్చినప్పుడు రోజుకు తొమ్మిది వందల్లో సరిపెడుతున్నానని నోరు జారావు. పొద్దున్నే జిమ్‌లో గంటసేపు ఎగరడం, అవతల తొమ్మిది వందలు. నువ్వు అయిదడుగుల మూడంగుళాలు, అప్పుడు 68 కిలోలు. ఆ కొలతలకు మంచం మీద కదలకుండా పడుకున్నా ఒంటికి 1,400 దగ్గర ఖర్చవుతుంది. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, వాటికి ఎవరిస్తారు? 1,400 తిని, గంటసేపు మామూలుగా నడువు. కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ పక్కనే పెట్టుకుని ఏసీ గదిలో బెల్టు మీద పరుగెందుకు? నెలకు కిలో, కిలోన్నర తగ్గితే తగ్గుతుంది, లేకపోతే లేదు. మన దేశస్థుల లెక్క ప్రకారం చూసినా నీ ఎత్తుకి 58, 59 దగ్గర ఆగిపోవచ్చు. అంతకన్నా కిందకి వెళ్ళాలని నీ ఫోన్ చెబితే ఆ ఫోన్‌కి అన్నం తినే అలవాటు లేదని గుర్తుపెట్టుకో.

గుడ్లు మానకు. పప్పు గట్టిగా వేసుకో, పెరుగు వేసుకో, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కేలరీలు ఫోన్‌లో చూసేదానివి సరే, అందులో మన గోంగూర పప్పుకి ఎవడు తోచింది వాడు రాస్తాడు. నువ్వుండే ఊళ్ళోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు 2017లో వేసిన పట్టికల్లో మన బియ్యం, పప్పులు, ఆకుకూరలు అన్నీ ఉన్నాయి. కిలోజౌల్స్‌లో ఉంటాయి, 4.18తో భాగించుకో. నా దగ్గర ప్రింటుంది, కావాలంటే పంపుతాను.

జుట్టు సంగతి. పెద్దమ్మని నేను నమ్మడం లేదు. అయినా ఉన్నట్టుండి తిండి తగ్గించేస్తే రెండు మూడు నెలల తర్వాత జుట్టు ఊడుతుందని డాక్టరుగారే చెప్పారు. మాఘంలో మొదలెట్టి ఉంటే ఇప్పటికి సరిపోతుంది. రక్తపరీక్ష చేయించుకో, హిమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్. డబ్బులు వేశాను, చూసుకున్నావా? మీ అమ్మ ఇంకోటి కూడా అడగమంది. అది అమ్మే అడుగుతుందిలే.

మాఘం అని ఎందుకన్నానో నీకు తెలుసు. ఆ రోజు పెళ్ళిచూపులకి వచ్చిన ఆవిడ "అమ్మాయి కాస్త ఒళ్ళు చేసింది కదండీ, ఆర్నెల్లు టైముందిగా, తగ్గించుకుంటుంది లెండి" అంది. నువ్వు కాఫీ కప్పులు తీస్తున్నావు. నేను నవ్వాను. నవ్వి, కాజాల పళ్ళెం ఆవిడ ముందుకి ఇంకొంచెం జరిపాను. నువ్వు కప్పులు సింకులో పెట్టిన చప్పుడు నాకు హాల్లోకి వినబడింది. జవాబు తెలియక ఊరుకోలేదమ్మా. ఇల్లు, ఉద్యోగం, పిల్లాడు అన్నీ బాగున్నాయి, మాట ఎందుకు పాడుచేసుకోవాలని ఊరుకున్నాను. నేను 84 ఉన్నప్పుడు నన్నెవరూ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురిలో కొలవలేదు. ఆ సంబంధం ఎలా పోయిందో వదిలెయ్. ఆ పూట నేను చేసింది తప్పు. ఇన్నాళ్ళూ ఫోన్‌లో వాతావరణం, మోటారు, స్కూటరు అంటూ మాట్లాడానే గానీ ఇది చెప్పలేదు.

బరువు తగ్గాలని నీకుంటే తగ్గు. వద్దనుకుంటే మానెయ్. ఆవిడ కోసం మాత్రం వద్దు, నా నవ్వు కోసం అసలే వద్దు.

 పొద్దున్నే బస్సు దగ్గరికి ఖాళీ కడుపుతోనే వెళ్ళి ఉంటావు, ముందు రెండు అరటిపళ్ళు తిను.  పార్సిల్లో ఆవకాయ కాక కందిపొడి, వడియాలు, చిన్న డబ్బాలో సున్నుండలు పన్నెండు ఉన్నాయి. ఒక్కోటి 45 గ్రాములు, మూత మీద 215 అని స్కెచ్ పెన్నుతో రాసింది నేనే. మినపపిండి, బెల్లం, నెయ్యి విడివిడిగా లెక్క కట్టి కలిపాను, తప్పుండదు. మీ అమ్మ అది చూసి మూత నా చేతిలోంచి లాక్కుంది. రోజుకొకటి తిను. పుస్తకంలో రాసుకుని తిను, గిల్లి పక్కన పెట్టకు.

వచ్చే ఆదివారం తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను. ఆరు వారాలుగా కెమెరా పాడైందంటున్నావు, పాడైతే బాగు చేయించు. వీడియోలో నిన్ను చూసి నేనేమీ అనను, మీ అమ్మనీ అననివ్వను. చూడనివ్వు, అంతే.

నాన్న

తా.క. ఆవకాయ మీద తేలిన నూనె వంచెయ్యకు, బూజు పడుతుంది. ముక్క పైకి తీసి, గరిటె అంచుకి ఆనించి ఒక్క నిమిషం ఉంచు, నూనె జాడీలోకే కారిపోతుంది. తడి గరిటె పెట్టకు.