రిమార్కుల గడిలో ‘నిల్’ అని కొట్టింది నేనే

సంపాదకులకు,

ముసాయిదా నిబంధనలపై ప్రజలు ఆన్‌లైన్‌లో సలహాలు, అభ్యంతరాలు పంపవచ్చన్న ప్రకటనలు ఈమధ్య తరచు కనిపిస్తున్నాయి. ఆ ప్రకటన అడుగున ఇచ్చే ఈమెయిల్ అడ్రసుకు అవతల కూర్చుని పనిచేసినవాణ్ణి నేను. సెక్షన్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అందుకే ఈ ఉత్తరం.

వచ్చిన మెయిళ్లను ఎక్సెల్ షీటులోకి ఎక్కించడం మా పని. క్రమసంఖ్య, పేరు, అనుకూలమా వ్యతిరేకమా, రిమార్కులు. అంతే, నాలుగు గడులు. ఒకసారి ఒకాయన రాశారు: ‘నాకు చూపు లేదు. ఏదైనా ఫోనే చదివి వినిపిస్తుంది. మీరు కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మలా పెట్టడంతో ఒక్క ముక్క కూడా చదవలేకపోతోంది.’ ఇది అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు. ఇలాంటిదానికి మా షీటులో చోటు లేదు. రిమార్కుల గడిలో ‘నిల్’ అని కొట్టి కింది వరుసకు వెళ్లిపోయాను. టైపు చేసిన ఫైలు మా కంప్యూటర్లోనే ఉంది, దాన్ని ఎక్కించడానికి రెండు నిమిషాలు పట్టేది కాదు. కానీ సంతకం, ముద్ర ఉన్న కాగితమే జనానికి చూపాలన్నది మా ఆనవాయితీ.

చివరికి పైఅధికారి బల్ల మీదికి చేరేది ఒక్క పేజీ: అనుకూలం ఇన్ని, వ్యతిరేకం ఇన్ని. ఈ తలలెక్క ఎంత డొల్లదో అమెరికాలో బయటపడింది. ఇంటర్నెట్ కంపెనీలు అన్ని వెబ్‌సైట్లనూ ఒకేలా చూడాలన్న ఇంటర్నెట్ సమానత్వ నిబంధనల మీద 2017లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అభిప్రాయాలు అడిగితే 2.2 కోట్ల దాకా వచ్చాయి. అందులో దాదాపు 1.8 కోట్లు బూటకమని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో తేల్చారు. బ్రాడ్‌బ్యాండ్ పరిశ్రమ డబ్బుతో, అడగకుండానే జనం పేర్లు వాడి పంపించినవి లక్షల్లో ఉన్నాయి. 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు ఒక్కడే సాఫ్ట్‌వేర్ పెట్టి, లేని మనుషుల పేర్లతో 77 లక్షలు పంపాడట! మా షీటయితే అతగాడికి 77 లక్షల క్రమసంఖ్యలు వేసి ఉండేది.

లెక్కకన్నా మాట ముఖ్యమని తైవాన్‌లో గ్రహించారు. ఉబర్‌ను ఎలా అదుపులో పెట్టాలన్న గొడవ మీద 2015లో పోలిస్ (Pol.is) అనే ఆన్‌లైన్ సాధనం వాడారు. ఎవరైనా ఒక వాక్యం రాయొచ్చు. మిగతావాళ్లు దానికి ఔననో కాదనో చెప్పాలి తప్ప తిరిగి జవాబు రాసే వీలుండదు. తిట్టుకోవడానికి చోటు లేకపోయేసరికి, ప్రయాణికులకు బీమా ఉండాలి వంటి మాటల దగ్గర ఉబర్ కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ కలిశారు. బ్రిటన్ పద్ధతి ఇంకా సాదా. పార్లమెంటు వెబ్‌సైట్‌లో పెట్టిన అర్జీకి 10,000 సంతకాలు పడితే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష పడితే సభలో చర్చకు పరిశీలించాలి. సంతకం పెట్టేవాడికి తన సంతకం ఎక్కడిదాకా వెళ్తుందో ముందే తెలుసు.

మా ప్రకటనల్లో ఆ ఒక్క ముక్కే ఉండేది కాదు. ఏది ఇప్పటికే ఖాయమైపోయింది, ఏది ఇంకా మార్చగలం అన్నది చెబితే జనం సగం శ్రమ తగ్గేది, మాదీ తగ్గేది. ఎవరేం అడిగారు, దేన్ని ఒప్పుకున్నాం, దేన్ని ఎందుకు కాదన్నాం అన్న పట్టిక గడువు ముగిశాక అదే పేజీలో పెట్టమని నేనూ ఒకసారి నోట్ రాశాను. ‘అనవసర వివాదాలకు తావిస్తుంది’ అని ఫైలు తిరిగొచ్చింది. నేనూ ఇంకోసారి రాయలేదు.

గడువు చివరి రోజున ఆ చూపులేని ఆయన దగ్గర్నుంచి మళ్లీ మెయిల్ వచ్చింది: ‘అయ్యా, ఫైలు మార్చారా?’ దానికి యంత్రం తనంతట తానే జవాబు పంపింది: ‘మీ విలువైన అభిప్రాయం అందినది. ధన్యవాదములు.’ నేను దానికి ఇంకో క్రమసంఖ్య వేశాను.

– ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్