పైనుంచి కారిన వాన నీటికి 'వరద' అని పేరు పెట్టారు: కార్ల కంపెనీకి ఫిర్యాదు లేఖ

పటమట, విజయవాడ
2025 నవంబరు 10

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: సన్‌రూఫ్ నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్ గొట్టం ఊడి, వాన నీళ్ళు లోపలికి కారి కారు ఎలక్ట్రికల్స్ పాడవడం, వారంటీ నిరాకరణ, జాబ్ కార్డు మీద తప్పుడు రాత.

అయ్యా,

2023 దీపావళి వారంలో విజయవాడలో మీ డీలరు దగ్గర 13 లక్షలు పెట్టి మీ కారు కొన్నాను. సన్‌రూఫ్, అంటే కప్పులో తెరుచుకునే అద్దం, ఉన్న మోడల్. ఈ ఊరి ఎండలో దాన్ని ఎవరు తెరుస్తారని నేను అన్నాను గానీ మా అమ్మాయి పట్టుబట్టింది. వారంటీ 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు. ఇప్పటికి 31,000 తిరిగింది. సర్వీసులన్నీ మీ సెంటర్‌లోనే చేయించాను. బిల్లులు జత చేస్తున్నాను.

నవంబరు 3న మీ సర్వీస్ సెంటర్ వాళ్ళు నా చేతిలో పెట్టిన జాబ్ కార్డులో, అంటే పని వివరాలు రాసే కాగితంలో, 68,400 రూపాయల ఎస్టిమేట్ ఉంది. దాని కింద ఒక వాక్యం ఉంది: 'వరద నీటిలో మునిగిన ఆనవాళ్ళు ఉన్నందున వారంటీ వర్తించదు.' డబ్బు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ వాక్యం గురించి, ఎందుకంటే అది అబద్ధం.

ఇదంతా జులైలో వాసనతో మొదలైంది. తడి బట్టలు మూట కట్టి మర్చిపోతే ఎలా ఉంటుందో అలాంటి ముక్కిపోయిన వాసన. ముందు ఎడమ సీటు దగ్గర మ్యాట్ ఎత్తి కార్పెట్ మీద చెయ్యి పెట్టి నొక్కితే, కింద ఉన్న స్పాంజి నుంచి నీళ్ళు వేళ్ళ సందుల్లోకి ఊరాయి. సర్వీస్ అడ్వైజర్‌కి చూపించాను. "ఏసీ నీళ్ళు పోయే పైపు మూసుకుపోయింది సార్, కామన్" అన్నాడు. పైపు ఊది శుభ్రం చేశారు, 850 రూపాయలు తీసుకున్నారు. ఏసీ వేయకపోయినా వాన పడిన మర్నాడల్లా కార్పెట్ తడుస్తోందని అప్పుడే చెప్పాను. జాబ్ కార్డులో ఆ మాట రాసుకున్నారు కూడా. రాసుకోవడంతోనే సరి.

ఆగస్టులో కారుకి పూనకం వచ్చినట్టయింది. రాత్రి రెండున్నరకి దానంతట అదే హారన్ మోగేది. అపార్ట్‌మెంట్‌లో అయిదు అంతస్తుల వాళ్ళూ బాల్కనీల్లోకి వచ్చి మా ఫ్లాట్ వైపు చూసేవాళ్ళు. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక వైపర్ ఒకసారి ఊగేది. తాళం వేసి మెట్లెక్కుతుంటే వెనక అద్దం నెమ్మదిగా కిందికి దిగేది. వాచ్‌మన్ దానికి 'దెయ్యం బండి' అని పేరు పెట్టాడు. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం నిద్ర లేదు.

శుక్రవారం పార్క్ చేసి మంగళవారం తీయబోతే స్టార్ట్ కాలేదు. బ్యాటరీ పోయిందన్నారు. 6,200 పెట్టి కొత్తది వేయించాను. రెండు వారాలకి ఆ కొత్త బ్యాటరీ కూడా అలాగే పడుకుంది. కొత్త బ్యాటరీ ఎందుకు దిగిపోతోందని మీ వాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

సెప్టెంబరులో జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. ఏలూరు నుంచి వస్తుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర జోరు వాన. ఉన్నట్టుండి వైపర్లు సగంలో ఆగిపోయాయి. పక్కన లారీలు, వెనక సీట్లో డెబ్బై రెండేళ్ళ మా అమ్మ. అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. హజార్డ్ లైట్లు వేసి ఎలాగో ఎడమ పక్కకి తీసి ఆపాను. స్టీరింగ్ వదిలాక చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి. అదే రోజు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి, "ఎర్రర్లన్నీ చెరిపేశాం సార్, ఇంక టెన్షన్ లేదు" అన్నారు. ఖాతా పుస్తకంలో గీత కొట్టేస్తే అప్పు తీరినట్టేనా అండీ?

అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను వాన. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ కింద స్టిల్ట్ పార్కింగ్‌లో చోటు లేక కారు గేటు బయట, రోడ్డు మీద ఎత్తుగా ఉన్న చోట పెట్టాను. మర్నాడు తాళం తిప్పితే ఒక్క లైటు కూడా వెలగలేదు. 30న టోయింగ్ చేయించి మీ సెంటర్‌కి పంపాను. అక్కడ డ్యాష్‌బోర్డు కింద ఎడమ పక్కన ఉన్న బాడీ కంట్రోల్ మాడ్యూల్ విప్పి చూశారు. లైట్లు, వైపర్లు, హారన్, తాళాలు, అద్దాలు అన్నిటి పెత్తనం దానిదే కదా. దాని కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. పూజ గదిలో మూలన పడేసిన రాగి చెంబుకి పట్టినట్టు. అది చూసి మీ వాళ్ళు తేల్చింది ఒక్కటే: నీళ్ళు తగిలాయి, కాబట్టి వరద, కాబట్టి వారంటీ లేదు.

నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతకలేదు. నాలుగు నెలలుగా నేను అడుగుతున్నది అదొక్కటే.

అందుకే కార్తీక పౌర్ణమి మర్నాడు, అంటే నవంబరు 6న, కారుని ఆటోనగర్ తీసుకెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్న పెద్దాయన ఒకాయన ఉన్నారు. ముందు బ్యాటరీ కనెక్షన్‌లో మీటర్ పెట్టారు. బండి ఆపి, తాళం వేసి, అన్నీ నిద్రపోయాక కరెంటు 50 మిల్లీయాంపియర్ల లోపు ఉండాలట. నా కారులో 420 చూపించింది. రోజుకి పది ఆంపియర్-అవర్లు ఊరికే కారిపోతున్నట్టు. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజులకి దాదాపు ఖాళీ. నా శుక్రవారం, మంగళవారం లెక్క అక్కడ సరిపోయింది. చెమ్మ పట్టిన మాడ్యూల్ నిద్రపోవడం లేదు, అంతే.

తర్వాత ఆయన చేసిన పని మీ ఇంజనీర్లు చూడాలని వీడియో తీశాను, పంపుతున్నాను. బ్యాటరీ తీసేసి, లీటరు నీళ్ళలో బట్టలకి పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు కలిపారు. సన్‌రూఫ్ తెరిచి, ఫ్రేమ్ నాలుగు మూలల్లో ఉండే రంధ్రాల్లో ఒక్కొక్క గ్లాసు చొప్పున నెమ్మదిగా పోశారు. సన్‌రూఫ్ రబ్బరు నీటిని మొత్తం ఆపదు, కొంత లోపలికి వస్తుంది, అది ఈ రంధ్రాల్లోంచి గొట్టాల ద్వారా కప్పుని మోసే స్తంభాల్లో దిగి కారు కిందకి పోవాలి అని ఆయన చెబితేగానీ నాకు తెలియలేదు. కుడి ముందు మూలలో పోసిన నీళ్ళు నేల మీద నీలంగా పడ్డాయి. వెనక రెండూ అంతే. ఎడమ ముందు మూలలో పోసినవి మాత్రం నేల మీద పడలేదు. అందరం వంగి చూస్తున్నాం. అర నిమిషానికి డ్యాష్‌బోర్డు పక్క ప్లాస్టిక్ అంచు నుంచి ఒక నీలి చుక్క కార్పెట్ మీద పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ధార.

ఆ స్తంభం మీది ప్లాస్టిక్ తొడుగు, అంటే పిల్లర్ ట్రిమ్, తీస్తే సంగతి బయటపడింది. గొట్టంలో ఆకు లేదు, మట్టి లేదు. అది మూసుకుపోలేదు, ఊడిపోయింది. కిందనున్న రబ్బరు మూతిలోకి బిగించాల్సిన చివర గాల్లో వేలాడుతోంది. కుడి వైపు గొట్టానికి క్లిప్పు ఉంది, ఎడమ దానికి లేదు. క్లిప్పు ఉన్న మచ్చ కూడా లేదు. కాబట్టి అది ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చిందని నా నమ్మకం. కాదంటే మీ ఇంజనీరు నా ఎదురుగా చూసి చెప్పాలి. బయట మెకానిక్ చెయ్యి పెట్టాడు కాబట్టి వారంటీ పోయిందని అంటారేమో. ఆయన ఒక్క వైరు కూడా కదపలేదు, ట్రిమ్ తీసి చూసి మళ్ళీ పెట్టేశారు. అదీ వీడియోలో ఉంది. పైగా అది మీరు వారంటీ కాదన్న మూడు రోజుల తర్వాత.

ఇక వరద సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు కార్లు కప్పుల దాకా మునిగాయి. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఏ కారుకి కరెంటు జబ్బు చేసినా వరద ఖాతాలో వేయడం మీవాళ్ళకి అలవాటైనట్టుంది. నా కారు ఆ వారం విజయవాడలోనే లేదు. ఆగస్టు 30 సాయంత్రం కలపర్రు టోల్ దాటి రాజమండ్రి, మా అత్తగారింటికి వెళ్ళాం. తిరిగి వచ్చింది సెప్టెంబరు 5న. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ జత చేశాను. అది చాలకపోతే కారునే అడగండి. వరదలో మునిగిన బండి సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద గీత కనిపిస్తుంది, సీటు పట్టాల్లో ఒండ్రు ఉంటుంది, స్టెప్నీ కింద గుంటలో మట్టి ఉంటుంది. నా కారులో ఇవేవీ లేవు. పైగా నీటి మరక ఎక్కడుందో చూడండి: సీలింగ్ గుడ్డ మీద, ఎడమ మూలలో, అరచేయంత. కిందినుంచి వచ్చిన వరద సీటుని వదిలేసి సీలింగ్‌ని తడుపుతుందా?

ఆ ఒక్క మాట మీద ఇంత పట్టు ఎందుకంటారేమో. అది మీ కంప్యూటర్‌లో ఉన్నంతకాలం నా కారు మునిగిన కారే. రేపు అమ్మబోతే కొనేవాడు సర్వీస్ హిస్టరీ అడుగుతాడు. ఇన్సూరెన్స్ వాళ్ళు, వరదైతే అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. లోపం మీది, మచ్చ నా బండికి.

అందుకే మొదట జాబ్ కార్డులో ఆ వాక్యాన్ని రాతపూర్వకంగా సరిదిద్ది, కాపీ నాకు ఇవ్వండి. ఆ తర్వాత గొట్టం, మాడ్యూల్, చెమ్మ తగిలిన వైరింగ్ కట్ట, సీటు కింద పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్, కార్పెట్, సీలింగ్ గుడ్డ వారంటీలో మార్చండి. కనెక్టర్ల మీద స్ప్రే కొట్టి తుడిచి ఇస్తామని మీ వర్క్‌షాప్ మేనేజర్ గారు ఫోన్‌లో అన్నారు. దానికి ఒప్పుకోను. చిలుము వైరు లోపలికి పాకి ఉంటే పైన తుడిచి లాభం లేదు, వచ్చే వానాకాలం మళ్ళీ హనుమాన్ జంక్షన్ దగ్గర ఆగాల్సివస్తుంది. అక్కర్లేని బ్యాటరీకి, ఏసీ పైపుకి, టోయింగ్‌కి నేను కట్టిన 9,550 రూపాయలు తిరిగి ఇవ్వండి. ఇదే మోడల్ కొన్న మిగతావాళ్ళ కార్లలో ఆ ఎడమ క్లిప్పు ఉందో లేదో కూడా చూడండి. వాళ్ళెవరో నాకు తెలియదు గానీ, వాన వాళ్ళ మీదా పడుతుంది.

పదిహేను రోజులు చూస్తాను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 84వ సెక్షన్ తయారీ లోపానికి తయారీదారుణ్ణే బాధ్యుణ్ణి చేసింది. అవసరమైతే వస్తువుని ల్యాబ్‌కి పంపించి పరీక్ష చేయించే అధికారం 38వ సెక్షన్ కింద కమిషన్‌కి ఉంది. 13 లక్షల కారు మీద అక్కడ ఫిర్యాదు వేయడానికి ఫీజు 400 రూపాయలు. మీరు ఏసీ పైపు ఊదినందుకు తీసుకున్నదానిలో సగం కూడా కాదు.

కారు నవంబరు 7 నుంచి మళ్ళీ మీ సెంటర్‌లోనే ఉంది. నిన్న వెళ్ళి చూశాను. వర్క్‌షాప్ వెనక గోడ పక్కన, పైన రేకు కూడా లేనిచోట పెట్టారు. ఉత్తరం మీ దాకా వచ్చి మీరు నిర్ణయం తీసుకునేలోపు కనీసం దాని మీద ఒక టార్పాలిన్ కప్పించండి. గొట్టం ఇంకా ఊడే ఉంది.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరిచినవి: సర్వీస్ బిల్లులు, నవంబరు 3 నాటి జాబ్ కార్డు, ఎస్టిమేట్, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, బ్యాటరీ, టోయింగ్ రసీదులు, నీలిమందు వీడియో ఉన్న పెన్‌డ్రైవ్.