బానెట్ బాగుంది గానీ, ముందు నీ చేతుల సంగతి చెప్పు

ఒరేయ్ చిన్నోడా,

ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. సరే, పనిలో ఉన్నావనుకుంటున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. వానలు ఇంకా పట్టలేదు. ఎండకి బోట్లకి పూసే రెజిన్ జిగురు కలిపిన డబ్బాలోనే బిగుసుకుపోతోందని మధ్యాహ్నం షెడ్డు మూసేసి సాయంత్రం మళ్ళీ తీస్తున్నాం. అమ్మ ఆవకాయ పెట్టింది, నీ వాటా వేరే సీసాలోకి తీసింది, దాన్ని ముట్టుకోనివ్వడం లేదు. బావకి మళ్ళీ ట్రాన్స్‌ఫర్, ఈసారి ఏలూరు. చంటిది మామయ్య ఎప్పుడొస్తాడని అడుగుతోంది, ఏం చెప్పమంటావు?

పండుగాడు కోయంబత్తూరు వచ్చి నీ గదిలో ఓ రాత్రి ఉన్నాడట కదా. వచ్చిన దగ్గర్నుంచీ నీ ఎస్టీమ్ కారు గురించే చెప్తున్నాడు. లోపల సీట్లన్నీ పీకేశావని, కార్బన్ ఫైబర్ గుడ్డతో బానెట్ చేశావని, తర్వాత డిక్కీ డోరు, ఆ తర్వాత ఫెండర్లు అని, కరి స్పీడ్‌వే రేసు ట్రాకులో తిప్పుతావని. అంతా చెప్పి, వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "బాబాయ్, అన్నయ్యకి మోచేతుల దాకా దద్దుర్లున్నాయి, కళ్ళు కూడా ఉబ్బాయి, అడిగితే చెమటకాయలంటున్నాడు" అని ఓ మాట పడేసి పోయాడు. అమ్మ వంటింట్లో ఉండి వినలేదు కాబట్టి సరిపోయింది. ఆ సంగతి తర్వాత మాట్లాడదాం.

బానెట్ ఫోటోలు చూశాను. గుడ్డ నేత గీతలు మధ్యలో తిన్నగా వచ్చాయి, కుడివైపు హెడ్‌లైటు దగ్గర మాత్రం మెలిక పడింది. మూల తిరిగేచోట గుడ్డని ఒకేసారి లాగేసి ఉంటావు. ట్విల్, అంటే ఏటవాలు నేత, కాబట్టి అంతమాత్రమైనా వొంగింది, ప్లెయిన్ నేత అయితే మడత పడేది. ఇంకోసారి చేసేటప్పుడు మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి చేత్తో తోసుకుంటూ రా, లాగొద్దు. ఆ చిన్న చిన్న సూది బెజ్జాలు వ్యాక్యూమ్ బ్యాగులోకి గాలి లీకవడం వల్ల వచ్చినవే. బ్యాగులో గాలి పీల్చాక పంపు ఆపేసి ఓ గంట వదిలెయ్, గేజీ ముల్లు కదలకుండా నిలబడిందని చూసుకున్నాకే రెజిన్ పైపు తెరువు. టేపు అతుకుల దగ్గర, బ్యాగు మడతల దగ్గర చెవి పెట్టి విను, లీకుంటే సన్నగా ఈల వినిపిస్తుంది. ఇవన్నీ నీకు తెలియవని కాదు, తొందరలో వదిలేస్తావని చెప్తున్నాను.

అసలు మౌల్డు, అదే అచ్చు, దేనితో చేశావో పండుగాడికి చెప్పడం చేతకాలేదు. ఒరిజినల్ బానెట్ మీదే వ్యాక్స్ కొట్టి ఫైబర్‌తో తీసుంటే మంచిదే, మన బోటు మౌల్డులు తీసే పద్ధతే అది. కానీ కొత్త మౌల్డుకి వ్యాక్స్ ఒకసారి పట్టిస్తే సరిపోదు, పట్టించి, ఆరనిచ్చి, తుడిచి, మళ్ళీ పట్టించి, అలా నాలుగైదు పొరలు, పైన అంటుకోకుండా పీవీఏ పూత. మౌల్డుకి వెనకాల పట్టీలు కట్టకుండా తొందరపడి ఊడదీస్తే అది మెలి తిరుగుతుంది, ఆ తర్వాత దాంట్లోంచి వచ్చే ప్రతి బానెట్టూ అదే మెలికతో వస్తుంది.

బరువు లెక్క నేనే ఇక్కడ కాగితం మీద వేశాను. 0.7 మిల్లీమీటర్ల ఇనప రేకు చదరపు మీటరుకి ఐదున్నర కిలోలు తూగుతుంది. నీ 200 గ్రాముల గుడ్డ మూడు పొరలంటే 600 గ్రాములు, వ్యాక్యూమ్‌లో పీల్చుకునే రెజిన్ ఇంకో 400, వెరసి కిలో. మందం కూడా ఇంచుమించు అంతే వస్తుంది. చూసి నేనే ఆశ్చర్యపోయాను. కానీ అదే మందంలో ఆ గుడ్డకి ఇనుమంత బిగువు ఉండదురా, అది మాత్రం ఎవరూ గొప్పగా చెప్పుకోరు. బోటు అడుగున బిగువుకి స్ట్రింగర్ పట్టీలు ఎందుకు వేస్తామో నీకు నిక్కర్లు వేసుకునే రోజులనుంచీ తెలుసు. పొరల మధ్యలో ఫోమ్ పెట్టు, లేకపోతే కింద పట్టీలు వెయ్యి. ఉత్త మూడు పొరల రేకుతో నూట ఇరవైలో వెళ్తే గాలికి అది రెపరెపలాడుతుంది, లాకు దగ్గర పగులుతుంది, లేచి అద్దానికి కొట్టుకుంటే ఇంక నీకు దారి కనపడదు. ముందు వైపు రెండు పిన్నులు పెట్టు, వాటి చుట్టూ ఇంకో రెండు పొరలు ఎక్కువ వెయ్యి. అల్యూమినియం రివెట్లు కొట్టకు, కార్బన్‌కి ఆనుకున్న అల్యూమినియాన్ని తడి తగిలితే తుప్పు తినేస్తుంది. మధ్యలో గ్లాస్ గుడ్డ ఒక పొర వేసుకుంటే ఆ బాధ ఉండదు.

ఇంతకీ చేతులు ఎలా ఉన్నాయి?

మనం వాడే పాలియెస్టర్ రెజిన్ వేరు, నువ్వు వాడే ఎపాక్సీ వేరు. నువ్వు షెడ్డులో పెరిగావు కాబట్టే నాకు ఎక్కువ భయం. పాలియెస్టర్‌లో గట్టిపడటానికి వేసే కేటలిస్టు నూటికి ఒకటో రెండో పాళ్ళు, ఎండెక్కువైతే తగ్గిస్తాం, ముసురు పట్టితే పెంచుతాం, ఉజ్జాయింపుతో నడిచిపోతుంది. ఎపాక్సీలో హార్డనర్ రెజిన్‌తో కలిసి తానూ గట్టిపడాల్సిన సరుకు. డబ్బా మీద 100కి 30 అని ఉంటే తూకం వేసి 100కి 30, అంతే. తొందరగా బిగుస్తుందని నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తే ఆ మిగిలింది ఎక్కడికీ పోదు, లోపల జిడ్డుగా ఉండిపోతుంది. కప్పు నిండా కలిపి పక్కన పెట్టి ఫోన్ చూసుకుంటూ కూర్చోకు, దాని వేడికి అదే ఇంకా వేడెక్కి పొగలొస్తుంది. వెడల్పు ట్రేలో పల్చగా పోసుకో.

సత్తి గుర్తున్నాడు కదా, నిన్ను భుజాలమీద కూర్చోబెట్టుకుని ఉప్పాడ తీసుకెళ్ళేవాడు. 2004 సునామీ తర్వాత ఫైబర్ బోట్లకి ఒక్కసారిగా ఆర్డర్లు వచ్చిపడ్డప్పుడు కాకినాడ జగన్నాథపురంలో రాత్రుళ్ళు కూడా పనిచేశాం, అప్పుడు చేరినవాడే. రోవింగ్ గ్లాసు గుడ్డని రెజిన్‌తో తడపడంలో వాడంత నేర్పు ఎవరికీ లేదు. చేతికి గ్లౌజు వేసుకునేవాడు కాదు, వేసుకోరా అంటే "గ్లౌజుంటే గాలిబుడగ తెలీదన్నా" అనేవాడు. పని అయ్యాక అసిటోన్‌లో చేతులు ముంచి కడుక్కునేవాడు, అదే సబ్బయినట్టు. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు, మహా అయితే గ్లాసు దుమ్ముకి దురద. తర్వాత తమిళనాడు వైపు గాలిమరల రెక్కలు చేసేచోట జీతం ఎక్కువని వెళ్ళాడు. అక్కడంతా ఎపాక్సీ. మొదట్లో ఏమీ తెలియలేదట, వాసన కూడా పాలియెస్టర్ అంత ఘాటుగా ఉండదు కదా, ఇదే సుఖంగా ఉందనుకున్నాడు. కొన్ని నెలలు గడిచాక వేళ్ళ సందుల్లో దురద. చెమట అనుకున్నాడు, పౌడర్ రాశాడు. తర్వాత మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు, తర్వాత కనురెప్పలు వాచాయి. ఎవరో మామిడిపండ్ల వేడి అన్నారు, ఎవరో దిష్టి అన్నారు, మందుల షాపువాడు ఏదో ట్యూబు ఇచ్చాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి ఉన్నన్నాళ్ళూ శుభ్రంగా తగ్గిపోయింది, తగ్గిందని మళ్ళీ వెళ్ళాడు. వెళ్ళి పనిలో దిగిన రోజే సాయంత్రానికి మొహం గుర్తుపట్టలేనంతగా ఉబ్బిపోయింది. చర్మ డాక్టరు వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి పరీక్ష చేసి చెప్పాడు, ఇది ఎపాక్సీ ఎలర్జీ, ఒకసారి వచ్చిందంటే జన్మంతా ఉంటుంది, తక్కువ తగిలినా తిరగబెడుతుంది, ఆ పని మానెయ్ అని. మానేశాడు. అంత పనివాడు ఇప్పుడు కుంభాభిషేకం రేవు దగ్గర ఆటో తోలుతున్నాడు. మొన్న పక్కింటివాళ్ళు విరిగిన కుర్చీకి అరాల్డైట్, అదీ ఎపాక్సీ జిగురే, కలుపుతుంటే సాయం పట్టాడట, మర్నాటికి కళ్ళు తెరవలేకపోయాడు.

వేళ్ళ సందుల్లో మొదలైందా నీకు? రెప్పలు పొద్దున ఉబ్బి సాయంత్రానికి తగ్గుతున్నాయా, లేక రోజంతా అలాగే ఉంటున్నాయా? చెమటకాయలైతే వీపు మీద, మెడ మీద కూడా రావాలి కదా. అక్కడ లేకుండా చేతులకీ కళ్ళకీ మాత్రమే వచ్చి ఉంటే నాకు చెమటకాయల కథ చెప్పకు.

ఆ రెజిన్ డబ్బాలు నీ మంచం కిందే ఉన్నాయని కూడా పండుగాడు చెప్పాడు. గుడ్డ చుట్ట తలగడ పక్కన, అసిటోన్ డబ్బా వంట స్టవ్వుకి రెండు అడుగుల దూరంలో. నీతో ఉన్న కుర్రాళ్ళు ఏమీ అనరా? అనకపోతే నేను అంటాను. అసిటోన్ ఆవిరి నేలమీద పాకుతూ మంట దగ్గరికి వెళ్తుంది, మీరు అన్నం వండుకునేది అక్కడే. ఆ బానెట్ కోసే దుమ్ము ఇంకో ఎత్తు. ఆ కార్బన్ పోగు ఒక్కొక్కటి 7 మైక్రాన్లు, వెంట్రుకలో పదోవంతు, పైగా కరెంటు పారుతుంది. గ్రైండరు మోటారులోకి వెళ్తే గ్రైండరు పోతుంది, స్విచ్ బోర్డులోకి వెళ్తే ఇంటివాడు మిమ్మల్ని బయటికి పంపుతాడు. పొడిగా కోయకు, తడిపి నీటి కాగితంతో రుద్దు. ఆ తడి గుజ్జు ఆరకముందే తుడిచెయ్. అంచులు కూడా రుద్ది గుండ్రంగా చెయ్, పచ్చి అంచు చేతికి గుచ్చుకుంటే ముల్లు తీయడానికి కూడా కనపడదు.

గ్లౌజులు నైట్రైల్‌వి వాడు, లాటెక్స్ కాదు. చిరిగినా చిరగకపోయినా కాసేపటికి మార్చెయ్. చేతికి అంటితే అసిటోన్‌తో కడగొద్దు, అది రెజిన్‌ని చర్మం లోపలికి తీసుకెళ్తుంది, సబ్బుతోనే కడుగు. గ్లౌజుతోనే మొహం తుడుచుకోకు, నీకా అలవాటుంది. మెడికల్ షాపులో దొరికే గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు, ఆవిరికి కార్ట్రిడ్జిలున్న మాస్కు కావాలి. నేను ఒకటి తీసుకుని పార్సిల్ చేశాను. పైన క్లియర్ కోట్, అదే మెరుపు పూత, కొట్టేటప్పుడు మాత్రం అది కూడా చాలదు, ఆ రెండు కలిపి కొట్టే టూకే క్లియర్‌లో ఉండేది ఊపిరితిత్తులకి ఇంకా చెడ్డది. అసలు ఆ స్ప్రే పని నువ్వు చేయకు, బయట బూత్ ఉన్నవాడికి ఇచ్చెయ్, డబ్బులు నేను వేస్తాను. క్లియర్ కోట్ లేకుండా మాత్రం వదలకు, ఎండకి ఎపాక్సీ పసుపుపచ్చగా మారుతుంది. ఇంకోటి, గది వేడికి గట్టిపడిన రెజిన్ 55, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. నల్ల బానెట్, పైన ఎండ, కింద ఇంజను. డబ్బాతో ఇచ్చిన కాగితంలో ఎలా రాసుంటే అలా, మౌల్డులో ఉండగానే మెల్లగా వేడి పెంచుకుంటూ వెళ్ళి పోస్ట్ క్యూర్ చెయ్యి.

మానెయ్యమని చెప్పడానికి ఇంత రాయలేదురా. ఇంటర్‌లో ఉన్నప్పుడు నువ్వు భోజనాల దగ్గర చెప్పేవాడివి, 1981లో మెక్‌లారెన్ వాళ్ళు ఫార్ములా వన్ రేసు కారుకి మొదటిసారి కార్బన్‌తో ఒళ్ళంతా చేశారని, జాన్ బర్నార్డ్ గీశాడని, మోన్జా రేసులో వాట్సన్ కారు ఇంజను ఊడి రెండు ముక్కలైనా అతను నడిచి బయటికొచ్చాడని. అన్నం చల్లారిపోతోందని అమ్మ కేకలేసేది. నాకు అప్పట్నుంచీ గుర్తే. కానీ ఆ కారు ఒళ్ళు అమెరికాలో రాకెట్ పనులు చేసే కంపెనీలో తయారైంది. నువ్వు చేసేది అద్దె గదిలో. బానెట్ చెయ్, డిక్కీ చెయ్, ఫెండర్లు చెయ్, పగిలినా ప్రాణం పోదు. సీటు బిగించే పట్టీలు, బెల్టు కట్టే చోటు, కారు బోల్తా పడితే కాపాడే రోల్ కేజ్, ఇవి మాత్రం ఇనుమే. దీంట్లో నాతో వాదించకు.

నీ ఉద్యోగం సంగతి అడగనులే. పండుగాడు మంగళవారం మధ్యాహ్నం కూడా నువ్వు గదిలోనే ఉన్నావన్నాడు, సెలవు పెట్టి ఉంటావు.

డాక్టరు దగ్గరికి వెళ్ళు. మామూలు డాక్టరు కాదు, చర్మ డాక్టరు. వెళ్ళి ఎపాక్సీ పనిచేస్తున్నానని నోరు తెరిచి చెప్పు, చెప్పకపోతే వాళ్ళు గజ్జికి మందిస్తారు. డబ్బాల మీద పేర్లు ఫోటో తీసి పట్టుకెళ్ళు. ఆయన చూసి చెప్పేదాకా రెజిన్ మూత తీయొద్దు, డిక్కీ డోరు ఎక్కడికీ పారిపోదు. ఒకవేళ అదే అని తేలితే ఆ పని నేను చేస్తాను. మౌల్డులు లారీ పార్సిల్‌లో పంపు, ఇక్కడ షెడ్డు ఉంది, గాలి ఉంది, గ్లౌజులు వేసుకునే కుర్రాళ్ళున్నారు. నువ్వు దూరంగా కూర్చుని తప్పులు పట్టు, అది నీకు ఎలాగూ ఇష్టమే. కార్బన్ గుడ్డ నేను ఇంతవరకూ ముట్టుకోలేదు, ఒకసారి చూడాలని ఉంది కూడా.

పార్సిల్‌లో మాస్కుతో పాటు కొబ్బరినూనె పెట్టింది మీ అమ్మ, ఎందుకో తెలియకుండానే పెట్టింది, నేనేమీ చెప్పలేదు. కాజాలు కూడా ఉన్నాయి, అవి రెజిన్ డబ్బాల పక్కన పెట్టకు. గది కుర్రాళ్ళకి ఇవ్వు.

శనివారం లోపు చేతుల ఫోటోలు పంపు, వెలుతురులో, రెండు వైపులా, కళ్ళవి కూడా. రాకపోతే సామర్లకోటలో అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తాను. నేను బయలుదేరితే ఎందుకని మీ అమ్మ అడుగుతుంది, చెప్తే తనూ వస్తానంటుంది. కాబట్టి గదిలో ఇద్దరు పడుకోడానికి చోటుందో లేదో కూడా అదే మెసేజ్‌లో రాయి.

నాన్న